టెండరులో వచ్చిన చెల్లెలు

మా రేగులపట్నం పురపాలక సంఘానికి పౌరుషం జాస్తి. పక్కనున్న ఏటిగట్టుపేట వాళ్ళు తమ పార్కులో ఒక నెమలి బొమ్మ పెడితే మేము రెండు నెమళ్ళు పెట్టాం. మాకు పార్కు లేదు కాబట్టి బస్టాండులో పెట్టాం. వాళ్ళు మెయిన్ రోడ్డుకి దీపాలు వేయిస్తే మేము అంతకంటే ఎత్తు స్తంభాలు పాతించాం. వాటికి దీపాలు రావాల్సి ఉంది. కౌన్సిల్ సమావేశాలకి విలేకరిగా ఏళ్ళ తరబడి వెళుతున్నవాణ్ణి కనక ఇవన్నీ నా కళ్ళముందు జరిగినవే. అక్కడ పెట్టే జీడిపప్పు ఉప్మా కోసం వెళతానని గిట్టనివాళ్ళు అంటారు. ఆ ఉప్మాలో జీడిపప్పు నేను ఇంతవరకూ చూడలేదు. నిబంధనలంటే నాకు గౌరవం, అందుకని వెళతాను.

అలాంటి మా ఊరికి కిందటి మాఘమాసంలో పెద్ద అవమానం జరిగింది. మా చైర్మన్ అడబాల సూర్యచంద్రరావు గారు ఏటిగట్టుపేటలో పెళ్ళికి వెళ్ళారు. ఊరి మొదట్లో కొత్త స్వాగత ద్వారం కనబడింది. దాని మీద ఏటిగట్టుపేట పేరు, ఆ పేరు పక్కనే పోర్చుగల్ దేశంలోని ఎవరికీ నోరు తిరగని ఒక నగరం పేరు, రెంటికీ మధ్య చేతులు కలిపిన బొమ్మ, కింద ‘సోదరి నగరములు’ అని బంగారు అక్షరాలు. చైర్మన్ గారు పెళ్ళిభోజనంలో పనసపొట్టు కూర కూడా ముట్టకుండా లేచిపోయారని ఆయన డ్రైవరు చెప్పాడు. ఆయనకి పనసపొట్టు కూరంటే ప్రాణం. నాకు నిజంగా జాలేసింది.

ఆ వారంలోనే కౌన్సిల్ సమావేశం పెట్టారు.

“ఏటిగట్టుపేటకి ఫారిన్‌లో తోబుట్టువుంది. మనకి లేదు,” అన్నారు చైర్మన్ గారు. “ఏం తక్కువయ్యా మనకి?”

“వంతెన తక్కువండి,” అంది వెనక వరసలోంచి సువార్తమ్మ.

సువార్తమ్మ పద్నాలుగో వార్డు కౌన్సిలరు. ఆ వార్డు పెద్ద మురుగుకాలవ అవతల ఉంది. కాలవ మీది వంతెన కిందటి వానాకాలంలో కూలిపోయింది. రెండు గట్లూ మాత్రం నిలబడ్డాయి. అప్పట్నుంచీ వార్డు జనమంతా రెండు తాటిదుంగల మీద నడుస్తున్నారు. వంతెన విషయం ప్రతి సమావేశంలోనూ ఎజెండాలో ఉంటుంది, అందరికంటే చివర. అక్కడిదాకా వచ్చేసరికి ఉప్మా అయిపోతుంది. ఉప్మా అయిపోయాక మా కౌన్సిల్లో ఏ తీర్మానమూ జరిగిన దాఖలా లేదు.

“నా కోడలికి మూడో నెలండి,” అంది సువార్తమ్మ లేచి నిలబడి. “పేరు కెజియా. పిల్లకి బీపీ ఉందంట. నొప్పులొచ్చినయ్యంటే క్షణం ఆలీసం చెయ్యొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పిందండి. అంబులెన్సు చూస్తే కాలవకి ఇటేపే ఆగిపోద్ది. ఆ పిల్లని దుంగల మీద ఎలా నడిపించమంటారు మీరే చెప్పండి.”

“శుభమమ్మా, మగపిల్లాడు పుట్టాలి,” అన్నారు చైర్మన్ గారు ఆప్యాయంగా. “ముందు ఊరి పరువు సంగతి చూద్దాం.”

సోదరి నగరాన్ని సంపాదించాలనే తీర్మానం చప్పట్ల మధ్య నెగ్గింది. ఎలా సంపాదించాలన్నది మేనేజరు గారు చెప్పవలసి వచ్చింది. మేనేజరు పేరి సోమయాజులు గారు మా ఊరికి ఇన్‌చార్జి కమిషనరు కూడా. మాకు వేసిన కమిషనర్లు చేరిన రోజునే సెలవు పెట్టడం ఆనవాయితీ కాబట్టి ఆయన ఎప్పుడూ ఇన్‌చార్జిగానే ఉంటారు. నిబంధనల్లో ఆయనకి తెలియనిది లేదు. నేను ఆరాధించే అతి కొద్దిమందిలో ఆయన ఒకరు.

“పురపాలక సంఘము బయటి నుండి ఏది పొందినను టెండరు ద్వారానే పొందవలెను,” అన్నారాయన కళ్ళజోడు సర్దుకుని. “చీపురుకట్టకి మూడు కొటేషన్లు. చెల్లెలికీ మూడు కొటేషన్లే. లేనిచో ఆడిట్ వారు అభ్యంతరము లేవదీయుదురు.”

“ఎవరో ఒక ఊరికి ఉత్తరం రాస్తే సరిపోదూ?” అన్నాడో కౌన్సిలరు.

“ఒక్క ఊరికే ఎందుకు వ్రాసితిరి, మిగిలిన ప్రపంచమునకు ఏల వ్రాయలేదు అని అడిగినచో ఎవరు సమాధానమిత్తురు?”

మిగిలిన ప్రపంచం గురించి మాలో ఎవరూ ఆలోచించలేదు.

టెండరు ప్రకటన మా పత్రికలోనే వచ్చింది. “రేగులపట్నం పురపాలక సంఘమునకు సోదరి నగరముగా వ్యవహరించుటకు అర్హత గల నగరముల నుండి సీల్డు కవర్లలో కొటేషన్లు కోరడమైనది. నగరములు తమ పాన్ కార్డు నకలును, స్థానిక తహసీల్దారు జారీచేసిన ఆస్తి ధ్రువపత్రమును, గడచిన మూడు సంవత్సరములలో సోదరిగా వ్యవహరించిన అనుభవ పత్రమును జతపరచవలెను. కారణము చూపకుండానే ఏ నగరమునైనను తిరస్కరించు హక్కు కమిషనరు గారికి కలదు.” ప్రకటన ఒక ప్రతిని ఆఫీసు నోటీసు బోర్డు మీద కూడా అంటించారు. అద్దం పగిలిపోవడంతో దాన్ని మేక తినేసింది. అయినా అంటించినట్టు రికార్డయింది.

గడువు రోజున టెండరు పెట్టె తెరిచారు. ప్రపంచంలోని నగరాల్లో ఒక్కటీ ముందుకు రాలేదు. పెట్టెలో ఒక గాజుల దుకాణం కరపత్రం మాత్రం ఉంది. చైర్మన్ గారు మనసు కష్టపెట్టుకున్నారు. అప్పుడు కొల్లి బుచ్చిబాబు లేచాడు.

బుచ్చిబాబు మా ఊరి కాంట్రాక్టరు. ఇక్కడి మురుగుకాలవలన్నీ ఆయన కట్టినవే. వాటిలో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఆయనకి రొయ్యల చెరువులు కూడా ఉన్నాయి, ఆ రొయ్యలు కొనే వాళ్ళ ద్వారా విదేశాల్లో పరిచయాలూ ఉన్నాయి.

“ఊళ్ళు వాటంతటవే ఎందుకొస్తాయండీ?” అన్నాడు నవ్వుతూ. “సిమెంటు వచ్చిందా? ఇసక వచ్చిందా? నాకు చెప్పండి, నేను సప్లై చేస్తాను.”

రెండో పిలుపుకి పెట్టెలో మూడు కవర్లు పడ్డాయి. ఒకటి బుచ్చిబాబుది, ఒకటి ఆయన భార్యది, ఇంకోటి ఆయన బావమరిదిది. మూడింటిలోనూ ఒకే ఊరు ఉంది. నెదర్లాండ్స్ దేశంలో, సముద్రం ఒడ్డున, ఓస్టర్‌వీన్ అనే చిన్న పట్నం. అక్కడి రొయ్యల వ్యాపారి ఆ ఊరి మేయరుకి మేనల్లుడట. ముగ్గురిలో బుచ్చిబాబు రేటే తక్కువగా ఉంది. ఆయన భార్య ప్రతిసారీ కొంచెం ఎక్కువే వేస్తుంది, పాపం ఆవిడకి ఒక్క పనీ దక్కదు. సోదరి నగరాలు సరఫరా చేసిన అనుభవం ఏదని సోమయాజులు గారు నిలదీస్తే బుచ్చిబాబు వీధి దీపాల స్తంభాలు సరఫరా చేసిన పత్రం చూపించాడు. దాన్ని తత్సమాన పనిగా పరిగణించారు.

ఒప్పందం రాసుకున్నారు. సోదరభావానికి రెండేళ్ళ పూచీ. ఆ రెండేళ్ళలో సంబంధంలో ఎక్కడైనా పగుళ్ళు కనిపిస్తే కాంట్రాక్టరు తన సొంత ఖర్చుతో పూడ్చాలి. తర్వాత ఇంజనీరు గారు కొలతల పుస్తకం తెరిచి ఇబ్బందిలో పడ్డారు. పొడవు, వెడల్పు, లోతు రాస్తే తప్ప ఆ పుస్తకంలో పని పూర్తయినట్టు కాదు. సోదరికి లోతు ఎంతని రాయాలి? చివరికి ‘సోదరి, ఒకటి, మంచి స్థితిలో’ అని రాసి సంతకం పెట్టారు. ఆ ఆలోచన సోమయాజులు గారిదే.

ఇంత పకడ్బందీగా చేశాం కనకనే ఆ ఊరి మేయరు మమ్మల్ని చూడ్డానికి స్వయంగా వస్తున్నట్టు కబురు పంపింది. ఆమె పేరు మార్గ్రీట్. అరవై దాటిన మనిషి. జుట్టు మగవాళ్ళలా కత్తిరించుకుని, కాళ్ళకి రబ్బరు బూట్లు తొడుక్కుని దిగింది. మురుగుకాలవలున్న ఊరికి వెళుతున్నామని ఆమెకి ఎవరో ముందే చెప్పి ఉండాలి. అప్పటికి కెజియాకి ఐదో నెల.

సన్మానం పొద్దున మొదలై మధ్యాహ్నం దాకా సాగింది. ఆమెకి కప్పిన శాలువాలు భుజాల మీద నిలవక కుర్చీ మీద, కుర్చీ పక్కన కింద కూడా పేర్చారు. చైర్మన్ గారు “ఈ రెండు నగరములకూ అనాదిగా ఉన్న అనుబంధం” గురించి మాట్లాడారు. ఇంగ్లీషు లెక్చరరు ఒకాయన దాన్ని ఆమెకి అనువదిస్తూ ‘అనాదిగా’ దగ్గర కొంచెం తడబడి, కిందటి నెల నుంచి అని సర్దాడు.

మార్గ్రీట్ జవాబు పొట్టిగా చెప్పింది. తమ ఊళ్ళో ప్రతి వీధికీ ఒక కాలవ ఉందని, కాలవల మీద వంతెనలు చూసుకోవడమే తన ఉద్యోగంలో సగమని, మా కాలవలు కూడా చూపించమని అడిగింది. ఆమెకి బస్టాండులో నెమళ్ళు చూపించాలని చైర్మన్ గారి కార్యక్రమం. కానీ సువార్తమ్మ ఇంతలో వేదికెక్కి ఆమె చెయ్యి పట్టేసుకుంది.

“దామ్మా, మా కాలవ చూద్దువుగాని,” అంది తెలుగులోనే. ఆ తల్లికి ఏం అర్థమైందో గానీ లేచి వెంట నడిచింది. ఆ వెనక మేమందరం పరుగెత్తాం.

కాలవ దగ్గర ఆగి మార్గ్రీట్ దుంగల్ని చూసింది. వాటి మీద ఎవరు నడుస్తారని అడిగింది. అందరూ నడుస్తారని లెక్చరరు చెప్పాడు. ఆమె నమ్మలేదు. అవతలి గట్టున కెజియా నిలబడి ఉంది, ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుని, ఇటు దాటొచ్చి దొరసానిని చూద్దామా వద్దా అన్నట్టుగా. ఆ అమ్మాయి దుంగ మీద కాలు పెట్టబోతుంటే మార్గ్రీట్ గట్టిగా కేకేసి ఆపేసి, తనే దుంగల మీద కూర్చుని, చేతులు ఆనించి జరుపుకుంటూ జరుపుకుంటూ అవతలికి దాటింది. శాలువా ఒకటి కాలవలో పడిపోయింది. మా మునిసిపాలిటీ పెద్దలు ఇవతలి గట్టునే నిలబడి చప్పట్లు కొట్టారు.

అవతల కెజియా పక్కన నిలబడే మార్గ్రీట్ గట్టిగా చెప్పింది, లెక్చరరు ఇవతల నుంచి అనువదించాడు. తమ ఊళ్ళో ఒక ఇనుప వంతెన తీసి పెద్దది వేస్తున్నారు. తీసినది చెడిపోయినది కాదు, అంబులెన్సు సుఖంగా పడుతుంది. ముక్కలుగా విప్పి ఓడలో పంపిస్తుంది, బిగించడానికి ఇద్దరు మనుషుల్ని కూడా పంపిస్తుంది. ఏమీ ఇవ్వనక్కర్లేదు. అక్కాచెల్లెళ్ళం కదా అంది.

సువార్తమ్మ కళ్ళు తుడుచుకుంది. నా కళ్ళు కూడా చెమర్చాయి. సోమయాజులు గారు మాత్రం తల పట్టుకున్నారు.

ఆయన బాధ నాకు అర్థమైంది. సమావేశంలో ఆయన అందరికీ అర్థమయ్యేలా చెప్పారు.

“ఉచితముగా ఇచ్చుట వారి ఔదార్యము. ఉచితముగా పుచ్చుకొనుటకు మనకు విధానము కలదు. మరి ఇద్దరు ఇంతకంటె ఎక్కువ రేటుకు ఉచితముగా ఇచ్చెదమని కొటేషన్లు వేయవలెను. అప్పుడే వీరిది తక్కువ ధర అని తేలును.”

“ఉచితం కంటే ఎక్కువ రేటు ఉచితం ఎలా ఉంటుందండీ?” అన్నాను నేను. విలేకరులు మాట్లాడకూడదు గానీ ఆగలేకపోయాను.

“అదియే సమస్య,” అన్నారాయన చాలా మర్యాదగా. “రెండవది, అంచనా కంటె మరీ తక్కువకు కోట్ చేసినవారు ఆ తేడా మొత్తమును అదనపు డిపాజిట్టుగా కట్టవలెను. వీరు నూటికి నూరు పాళ్ళూ తక్కువ కోట్ చేసిరి. కావున వంతెన ఖరీదు అంతయు వారే మనవద్ద డిపాజిట్టు చేసి, ఆ పైన మనకు వంతెన ఇవ్వవలెను.”

“ఆ తల్లికి ఈ మాట ఎవరు చెబుతారు?” అన్నారు చైర్మన్ గారు. చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఈలోగా ఓడ బయల్దేరిపోయింది.

వంతెన లారీల మీద వచ్చి ఆఫీసు ఆవరణలో దిగింది. ఆకుపచ్చ రంగు ఇనుప ముక్కలు, ప్రతి ముక్కకీ అంకె వేసి ఉంది. ఓస్టర్‌వీన్ నుంచి వచ్చిన ఇద్దరూ లాడ్జిలో దిగి రోజూ పొద్దున్నే పనిముట్లతో వచ్చి కూర్చునేవాళ్ళు. ఆఫీసు వాళ్ళు వాళ్ళకి టీ ఇచ్చి పంపించేవాళ్ళు. వంతెన ముక్కల మీద గుమాస్తాలు లంగోటీలూ తువ్వాళ్ళూ ఆరేసుకోవడం మొదలుపెట్టారు. కెజియాకి ఏడో నెల వెళ్ళి ఎనిమిదో నెల వచ్చింది. సువార్తమ్మ రోజూ వచ్చి ఆ ఇనుప ముక్కల పక్కన నిలబడి వెళ్ళేది. అది చూడలేకపోయేవాణ్ణి.

చివరికి దారి కనిపెట్టింది సోమయాజులు గారే. ఆ రోజు ఆయన మొహం వెలిగిపోయింది.

“మన నిబంధనలు మన పురపాలక హద్దుల లోపలనే వర్తించును. వంతెన హద్దుల వెలుపల నిర్మించినచో మూడు కొటేషన్ల ప్రసక్తి లేదు. కాలవను మనము వెలుపలికి జరుపలేము. కాని హద్దును జరుపవచ్చును. పద్నాలుగవ వార్డును సోదరి నగరమునకు తాత్కాలికముగా అప్పగించుదము. వారి భూభాగములో వారు వంతెన కట్టుకొందురు. పని పూర్తి అయిన పిమ్మట వార్డును వాపసు తీసుకొందము.”

అంతటి తీర్మానం విని కౌన్సిలర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

“అంటే మేవిప్పుడు ఏ దేశపోళ్ళమండీ?” అంది సువార్తమ్మ.

“తాత్కాలికంగా ఆ దేశమమ్మా,” అన్నారు చైర్మన్ గారు.

“వంతెనేస్తారా?”

“వేస్తారు.”

“అయితే అలాగే కానీయండి.”

ఆ ఇద్దరూ, వార్డులో వెల్డింగు పని చేసేవాళ్ళూ కలిసి మేం చూస్తూండగానే వంతెన బిగించేశారు. మధ్యలో పని ఆపి చాయ్ తాగడం ఆ దేశపు వాళ్ళకి అలవాటు చేసింది మనవాళ్ళే. వాళ్ళు వెళ్ళేటప్పుడు వార్డు జనం కోడిపలావు పెట్టి పంపించారు.

ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ పద్నాలుగో వార్డు వాళ్ళు అమాయకులు. తాము ఆ ఊరి కింద ఉన్నామని నిజంగానే నమ్మారు. కుళాయి రాకపోతే డిగ్రీ చదివిన ఒక అమ్మాయి చేత మార్గ్రీట్‌కి మెయిల్ పెట్టించారు. అప్పగింత తీర్మానం నకలు ముందే అందుకున్న ఆవిడ ఆ రోజే మా ఆఫీసుకి మెయిల్ పెట్టింది, మా వార్డులో కుళాయి రావడం లేదట, దయచేసి చూడండి అని. విదేశీ వ్యవహారం! ఆఫీసంతా గడగడలాడింది. ఫిట్టర్ని జీపులో ఎక్కించుకుని వెళ్ళారు. సాయంత్రానికి నీళ్ళొచ్చాయి. తర్వాత వీధి దీపం, ఆ తర్వాత చెత్త కుప్ప. మా ఊరి ఫిర్యాదు నెదర్లాండ్స్ దాకా వెళ్ళి తిరిగి మా ఊరికే వస్తే పని అవుతుందని అందరికీ తెలిసిపోయింది.

మొదట పదిహేనో వార్డు వాళ్ళు అర్జీ పెట్టుకున్నారు, తమని కూడా సోదరికి అప్పగించమని. తర్వాత మార్కెట్టు వీధి. ఆ తర్వాత స్తంభాలున్న మెయిన్ రోడ్డు. అర్జీదారుల వరస ఆఫీసు మెట్లు దిగి బస్టాండు నెమళ్ళ దాకా వెళ్ళింది. ఒకరోజు చైర్మన్ గారు నన్ను పక్కకి పిలిచారు.

“నీ ఇంగ్లీషు ఎలా ఉంటుంది?”

“పర్వాలేదండి.”

“మా వీధిలో దీపం పోయి నాలుగు నెలలైంది,” అన్నారు నెమ్మదిగా. “ఆ మేయరమ్మకి ఒక ముక్క రాసిపెడతావా? నా పేరు పెట్టకు. ఒక పౌరుడు అని పెట్టు.”

రాసిపెట్టాను. మర్నాటికి దీపం వెలిగింది.

కానీ చైర్మన్ గారు తెలివైనవారు. ఇలాగే సాగితే ఆయనకి చైర్మన్ గిరీ చెయ్యడానికి ఆఫీసు గోడలు తప్ప ఏమీ మిగలదని గ్రహించారు. వెంటనే పద్నాలుగో వార్డుని వాపసు తెమ్మన్నారు.

“పని పూర్తి అయిన పిమ్మట గదా వాపసు,” అన్నారు సోమయాజులు గారు. “ప్రారంభోత్సవము జరిగినగాని పని పూర్తి అయినట్లు కాదు.”

“అయితే ప్రారంభోత్సవం చేసేద్దాం. నేనే రిబ్బను కత్తిరిస్తాను.”

“వంతెన ప్రస్తుతము విదేశములో ఉన్నది. అక్కడ రిబ్బను కత్తిరించు అధికారము తమకు లేదు. ముందు వార్డు వాపసు రావలెను.”

“వార్డు వాపసు రావాలంటే?”

“ప్రారంభోత్సవము జరుగవలెను.”

అప్పటికే ఇవతలి గట్టున వంతెనకి అడ్డంగా ఎర్రటి శాటిన్ రిబ్బను కట్టేసి, దాని పక్కన ఒక కాపలావాణ్ణి కూర్చోబెట్టారు. ప్రారంభం కాని వంతెన మీద ఎవరూ నడవకూడదు. పద్నాలుగో వార్డు జనం ధగధగలాడే కొత్త వంతెన పక్కనే తాటిదుంగల మీద నడిచి వెళుతున్నారు. కెజియాకి తొమ్మిదో నెల.

ఒక మధ్యాహ్నం వంతెన దగ్గర షామియానా ఎక్కడ వేయాలో చూడ్డానికి చైర్మన్ గారూ సోమయాజులు గారూ వచ్చారు. నేనూ ఉన్నాను. ప్రారంభోత్సవం ఎప్పుడన్నది తేలకపోయినా షామియానా ముందే చూసుకోవడం మా ఊరి పద్ధతి. అంతలో అంబులెన్సు కూత పెట్టుకుంటూ వచ్చి రిబ్బను ముందు ఆగింది. అవతలి వీధిలోంచి ఆడవాళ్ళ అరుపులు వినబడ్డాయి. కెజియాకి నొప్పులు మొదలయ్యాయి. వాంతులు, తలనొప్పి, కళ్ళు మసకలు. డాక్టరమ్మ భయపడ్డదంతా ఒక్కసారే వచ్చింది.

డ్రైవరు హారను మీద చెయ్యి తీయడంలేదు. కాపలావాడు సోమయాజులు గారి వంక చూశాడు. సోమయాజులు గారు చైర్మన్ గారి వంక చూశారు. చైర్మన్ గారు రిబ్బను వంక చూశారు. ఆయన చెడ్డవారు కాదు. ఆయన చెయ్యి రిబ్బను మీదికి వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది.

“మనకు అధికారము లేదు గదా,” అన్నారు సోమయాజులు గారు. నిబంధన ఏదైనా దొరుకుతుందేమోనన్నట్టు జేబులన్నీ తడుముకున్నారు. ఆయన్ని అలా చూడడం అదే మొదలు.

అవతల నుంచి సువార్తమ్మ పరుగెత్తుకుంటూ వంతెన మీదికి వచ్చింది. చెప్పులు ఎక్కడో వదిలేసింది.

“మీకు లేదేమో. నేను ఈ దేశపుదాన్నేగా?” అంది.

రెండు చేతులా రిబ్బను లాగింది. శాటిన్ రిబ్బను తెగలేదు. ముడి గట్టిగా వేశారు, మా ఆఫీసులో గట్టిగా జరిగే పని అదొక్కటే. సువార్తమ్మ వంగి దాన్ని పళ్ళతో పట్టి కొరికింది. ఆమె నోట్లో ఎర్రటి దారాలు మిగిలిపోయాయి. అంబులెన్సు ఆమె పక్కనుంచి దూసుకుపోయింది. ఇనుప పలకలు ధడధడమన్నాయి.

కాసేపటికే అది తిరిగి వచ్చింది. లోపల కెజియా తల పక్కకి వాలిపోయి ఉంది. కాలవ దాటి, మలుపు తిరిగి, కనుమరుగైంది. నా జీవితంలో నేను అంత భయపడ్డ సందర్భం లేదు. ఆ సాయంత్రం నా వార్తలో ఆ మాట రాస్తే ఎడిటరు గారు కొట్టేశారు.

రాత్రికి కబురు వచ్చింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ అందట.

ఆసుపత్రి నుంచి వాళ్ళని ఇంటికి పంపించే రోజున చైర్మన్ గారు వంతెన దగ్గర ఎదురుచూశారు. పూలదండ తెచ్చారు. సోమయాజులు గారు వాపసు తీర్మానం కాగితాలు తెచ్చారు. ఆటో వచ్చింది. వెనక కెజియా, పక్కన ఒళ్ళో పాపతో సువార్తమ్మ. పాప మొహం ఎర్రగా, పిడికెడంత ఉంది. చైర్మన్ గారు ఆటో ఆపారు.

“సువార్తమ్మా,” అన్నారు. ఆయన గొంతులో ఆ రోజు ఉపన్యాసం లేదు. “అయిందేదో అయింది. ప్రారంభోత్సవం కూడా మీరే చేసేశారు, అదీ మంచిదే. ఇంక మా మీద కోపం పెట్టుకోకండి. మన ఊళ్ళోకి వచ్చేయండమ్మా, ఇంక మీరు మాకు కావాలి.”

సువార్తమ్మ పాప తల మీది గుడ్డ సర్దింది. కోపంగా ఏమీ లేదు.

“మేవెక్కడికీ ఎల్లలేదు చైర్మన్ గారండీ,” అంది. “ఇన్నేళ్ళూ మీరే ఇటేపు రాలేదు.”

ఆటో వంతెనెక్కి వెళ్ళిపోయింది. చైర్మన్ గారు దండ పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. ఓట్లప్పుడు కూడా ఆయన ఇవతలి గట్టు నుంచే మైకులో దణ్ణం పెట్టి వెళ్ళిపోయారన్నది అప్పుడు నాకు గుర్తొచ్చింది.

సోమయాజులు గారు కలం తీశారు. “దీనిని ఏమని వ్రాయమందురు?”

“ఏమీ రాయొద్దయ్యా,” అన్నారు చైర్మన్ గారు. “పద, పిల్లని చూసొద్దాం.”

దండని వంతెన రెయిలింగు మీద పెట్టి, ఆయన ముందు నడిచారు. నేనూ సోమయాజులు గారూ వెనకాల నడిచాం.